వేసి వదిలేస్తే నీళ్ళు శుద్ధి కావు

హనుమకొండలో గానీ వరంగల్‌లో గానీ రంగుచేపలు అమ్మే షాపుకు పొండి, ఒకటే మాట వినిపిస్తుంది. “నాలుగు తేలే మొక్కలు ఏసి ఇడిసిపెట్టుండ్రి సార్. గవే నీళ్ళు సాఫ్ జేస్తయి, గవే ఆక్సిజన్ ఇస్తయి. నీళ్ళు మార్చే తిప్పల గూడ తప్పుతది.” యూట్యూబ్ తెరిస్తే ఇదే మాట కాస్త ఇస్త్రీ చేసిన తెలుగులో వినిపిస్తుంది. అక్వేరియం పెట్టుకున్న చుట్టాన్ని అడిగినా అంతే. అంతర తామర, సాల్వీనియా, ఫ్రాగ్‌బిట్, డక్‌వీడ్ ఏదైనా సరే, నీటి మీద పడేస్తే చాలు, మిగతాది ప్రకృతి చూసుకుంటుందని అందరి నమ్మకం.

ఈ మాటలో సగం నిజముంది. ఇది ఇంతగా పాతుకుపోవడానికి కారణం ఆ సగమే. తేలే మొక్క ఆకులు గాలిలో ఉంటాయి కాబట్టి కార్బన్ డయాక్సైడుకు కొదవ లేదు. నీటి అడుగున ఉండే మొక్క దాని కోసం అల్లాడుతుంది. వెలుతురు కూడా ముందు పైమొక్కకే అందుతుంది. అందుకే అది వేగంగా పెరుగుతుంది, చేపలు వదిలే అమ్మోనియాను ఇష్టంగా పీల్చుకుంటుంది, నీడపట్టి నాచును అణుస్తుంది. నాలుగు వారాల్లో నీళ్ళు అద్దంలా అవుతాయి. చూసినవాడు శుద్ధి జరిగిపోయిందనుకుంటాడు. కానీ నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు. తేటగా ఉన్న నీటిలో అది ఎంతైనా దాగి ఉండవచ్చు.

నా వాదన ఒక్కటే. తేలే మొక్క మురికిని మాయం చేయదు, తన ఒంట్లో దాచుకుంటుంది. ఆ మొక్కను కోసి ట్యాంకు బయటికి తీసినప్పుడే మురికి బయటికి పోతుంది. చెత్తబుట్టలో వేసినంత మాత్రాన ఇంట్లో చెత్త పోయినట్టు కాదు, పొద్దున చెత్తబండికి ఇవ్వాలి. మన అక్వేరియం పెద్దలు బుట్టను తెగ పొగుడుతున్నారు, బండి ఊసు మాత్రం ఎత్తడం లేదు.

నోటి మాటగా కొట్టిపారేయకుండా లెక్క వేద్దాం. 50 లీటర్ల ట్యాంకు, అందులో ఓ డజను మోలీలు అనుకోండి. రోజుకు అర గ్రాము మేత వేస్తున్నాం. మేత డబ్బా మీద ప్రొటీన్ 40 శాతమని రాసి ఉంటుంది. వారానికి మూడున్నర గ్రాముల మేత, అంటే 1.4 గ్రాముల ప్రొటీన్. ప్రొటీన్‌లో నత్రజని 16 శాతం. అంటే వారానికి సుమారు 220 మిల్లీగ్రాముల నత్రజని ట్యాంకులోకి దిగుతోంది. అందులో పావు వంతు చేప ఒంటికి పట్టిందనుకుందాం. మిగిలిన 165 మిల్లీగ్రాములు మొప్పల గుండా, మలంగా నీళ్ళలోకి వస్తాయి. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటుగా చూస్తే అది దాదాపు 730 మిల్లీగ్రాములు. 50 లీటర్లకు పంచితే, లీటరుకు వారం వారం 15 మిల్లీగ్రాముల చొప్పున పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు మొక్క సంగతి. అంతర తామరలో 95 శాతం నీరే. మిగిలిన ఎండు పదార్థంలో నత్రజని ఓ 3 శాతం అనుకుంటే, నీళ్ళు కార్చి తూచిన ఒక గ్రాము మొక్కలో ఉండేది ఒకటిన్నర మిల్లీగ్రాములు. అంటే ఆ డజను మోలీల బాకీ తీరాలంటే వారానికి సుమారు 110 గ్రాముల మొక్క కొత్తగా పెరగాలి, పెరిగినంతా బయటికి పోవాలి. రెండు దోసిళ్ళ నిండా వచ్చేంత. ఇది పైసాకు పైసా సరిపోయే లెక్క కాదు. మేతను బట్టి, మొక్కను బట్టి మారుతుంది, కొంత నత్రజని వాయువై గాలిలో కలుస్తుంది. అయినా దారి మాత్రం ఇదే. వారంలో రెండు దోసిళ్ళు తీయనివాడు, వారంలో నీళ్ళూ మార్చనివాడు, తన ట్యాంకు శుద్ధిగా ఉందని ఏ ధైర్యంతో అంటాడు?

తీయకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. ఉపరితలం నిండేదాకా మొక్క పరుగెడుతుంది. నిండాక ఇక జాగా లేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, కింద పడ్డది పసుపుబారి, మెత్తబడి, కుళ్ళి అడుగుకు జారుతుంది. పైన ఎంత కొత్త ఆకు వస్తోందో కింద అంత పాత ఆకు కుళ్ళుతోంది. పీల్చిన నత్రజని తిరిగి నీళ్ళలోకే వస్తుంది. పై నుంచి చూస్తే పచ్చటి తివాచీ, లోపల జమాఖర్చు సున్నా. షాపులవాళ్ళు “బాగా సెట్ అయింది” అని మెచ్చుకునే ట్యాంకు సరిగ్గా ఈ దశలో ఉంటుంది.

చదువుకున్న అభిమానులు ఇక్కడ డయానా వాల్‌స్టడ్ పేరు ఎత్తుతారు. అమెరికాకు చెందిన ఈ సూక్ష్మజీవశాస్త్రవేత్త 1999లో మొక్కల అక్వేరియం గురించి రాసిన పుస్తకం ఆ రంగంలో పెద్ద మలుపు. అడుగున మట్టి, దండిగా మొక్కలు, అరుదుగా నీటి మార్పిడి అనేది ఆమె పద్ధతి. తేలే మొక్కలకున్న గాలి లాభాన్ని హాబీవాళ్ళకు శాస్త్రీయంగా చెప్పిందీ ఆమే. కానీ ఆమె ట్యాంకులో మొక్కలు ఎక్కువ, చేపలు మితం, మట్టిలో వేళ్ళూనినవి వేరే. మనవాళ్ళు అందులోంచి “నీళ్ళు మార్చక్కర్లేదు” అన్న ముక్క ఒక్కటే కత్తిరించుకుని, అడుగున రంగురాళ్ళు పరిచి, ముప్పై చేపలు కుక్కి, పైన నాలుగు సాల్వీనియా రెమ్మలు వేసి వాల్‌స్టడ్ పద్ధతి అంటున్నారు. ఆవిడ చూస్తే ఏమంటారో!

ఇక ఆక్సిజన్ మాట. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన సగం నిజం. అంతర తామర ఆకు ఊపిరి తీసుకునేది గాలిలోకి తెరుచుకున్న రంధ్రాల గుండా. పగలు అది తయారు చేసే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం మీ హాల్లోకి పోతుంది, చేపకు దక్కేది తక్కువ. వేళ్ళ గుండా కొంత జారవచ్చు, దాన్ని నమ్ముకుని చేపలు పెంచలేం. నీళ్ళలోకి ఆక్సిజన్ వదిలేవి మునిగి ఉండే వాలిస్‌నేరియా, హార్న్‌వర్ట్ లాంటివి. మధ్యాహ్నం ఎండ తగిలితే వాటి ఆకుల నుంచి బుడగలు దారంలా లేవడం కంటికి కనిపిస్తుంది. పైన మొక్కల దుప్పటి కప్పేస్తే ముందు చచ్చేవి ఇవే, వెలుతురు అందక.

నీళ్ళకు ఆక్సిజన్ ప్రధానంగా ఉపరితలం నుంచి దొరుకుతుంది. అక్కడ నీరు కదలాలి, గాలి తగలాలి. దాన్నే మూసేశాక ఎయిర్ పంపు ఒక్కటే దిక్కు. మన ఊరి ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా? మే నెలలో బయట 42, 43 డిగ్రీలు. ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్ళు 32 దాటడం మామూలే. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాములు పట్టే నీరు, 35 దగ్గర 7 కన్నా తక్కువ పడుతుంది. అదే వేడికి చేపల ఊపిరి వేగం పెరుగుతుంది, కుళ్ళే ఆకును తినే బ్యాక్టీరియా ఆకలీ పెరుగుతుంది. రాత్రి వెలుతురు ఉండదు, ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు. తెల్లవారుజామున కరెంటు పోయి పంపు ఆగితే, పొద్దున లేచేసరికి చేపలు ఆకుల సందుల్లో నోళ్ళు పెట్టి గాలి మింగుతుంటాయి. యజమాని కరెంటోళ్ళను తిడతాడు. తిట్టాల్సింది వాళ్ళ ఒక్కళ్ళనే కాదు.

ఫైటర్, గౌరామి చేపలకు గాలి పీల్చే అవయవం వేరే ఉంది కదా, వాటికేం భయం అంటారు. మన రాష్ట్ర చేప కొరమీను కూడా అలా పైకొచ్చి గాలి మింగేదే. నిజమే. అందుకే వాటికి ఖాళీ ఉపరితలం ఇంకా ఎక్కువ కావాలి. మగ ఫైటర్ ఆకు కిందే నురగ గూడు కడుతుంది కాబట్టి దానికి తేలే మొక్క ఇష్టమే. కానీ తల పెట్టే సందు లేనంత దట్టంగా ఉంటే, గాలి పీల్చి బతికే చేపకు ఆ గాలే అందదు. సగం ఉపరితలం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఇందుకు ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. ఎయిర్ పంపుకు వాడే సన్న పైపు తగినంత పొడవు తీసుకుని, రెండు కొసలూ జాయింటుతో కలిపి గుండ్రంగా చేసి నీటి మీద వదిలితే చాలు. ఆ వలయంలోకి మొక్క రాదు. మేత అక్కడే వేస్తే ఆకుల మీద చిక్కి కుళ్ళదు కూడా.

“పోషణే అక్కర్లేదు” అనేవాళ్ళు ఈ మొక్కను దగ్గర నుంచి ఎప్పుడైనా చూశారా అని నా అనుమానం. అంతర తామర ఆకు మీద సన్నటి నూగు ఉంటుంది, నీటిబొట్టు పడితే ముత్యంలా గుండ్రంగా నిలిచి జారిపోతుంది. సాల్వీనియా నూగు ఇంకా చిత్రం. ఒక్కో వెంట్రుకా కొసన నాలుగుగా చీలి మళ్ళీ కలుసుకుంటుంది, గుడ్డు గిలక్కొట్టే గరిటెలాగే, దాని మధ్య గాలి పట్టి ఉంటుంది. పైభాగం పొడిగా ఉండటం ఈ మొక్కలకు ప్రాణావసరం. మనం చేసేదేమిటి? గోడకు తగిలించే ఫిల్టర్ నుంచి ధార సరిగ్గా దాని నడినెత్తిన పడేట్టు పెడతాం. పైన గాజు మూత బిగిస్తాం. మూత లోపల ఆవిరి పేరుకుని బొట్లుబొట్లుగా రోజంతా ఆకుల మీద కారుతుంది. పదిరోజుల్లో మొక్క మధ్య మొగ్గ దగ్గర గోధుమ రంగు తేలి, మెత్తబడి, వేలు పెడితే ఊడి వస్తుంది. “ఈ మొక్క మన నీళ్ళకు పడది” అని తీర్పు చెప్పేస్తారు. మూతకు రెండు వేళ్ళ సందు వదిలి, ఫిల్టర్ ధార పక్కకు తిప్పితే పడేదే.

మన నీళ్ళకు పడదు అన్నదాంట్లో ఒక నిజమైన ముక్క కూడా ఉంది, అది వాళ్ళు అనుకునే చోట లేదు. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుందని భయపడి కొందరు ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ తెచ్చి ట్యాంకు నింపుతారు. ఆర్‌ఓ మిషన్ దాటి వచ్చిన ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం చాలామటుకు పోయి ఉంటాయి. మొక్కకు తిండి లేదు. కొత్త ఆకు తెల్లబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము చాలడం లేదని అర్థం. పాత ఆకులు ముందు పసుపుబారితే నత్రజని కొరత కావచ్చు. వేళ్ళు జానెడు పొడవు పెరిగి జడలా వేలాడుతుంటే అందం అని ఫోటో తీస్తారు, నిజానికి అది తిండి వెతుక్కుంటున్న వేరు. సారం ఉన్న నీటిలో వేరు పొట్టిగా ఉంటుంది. నల్లా నీళ్ళు బకెట్లో పట్టి ఒక రాత్రి తెరిచి ఉంచినా, రంగుచేపల షాపులో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసినా సరిపోతుంది. బోరు నీళ్ళు మరీ ఉప్పగా ఉంటే నల్లా నీళ్ళతో కలపొచ్చు. క్యాన్ నీళ్ళు తాగడానికి ఉంచుకోండి.

అజొల్లా గురించి విడిగా చెప్పాలి, మన జిల్లాల్లో అది ఊరూరా దొరుకుతుంది కాబట్టి. వరిపొలంలో వేసుకోవడానికి, బర్రెలకు దాణాగా వేయడానికి రైతులు తొట్లలో పెంచుతారు. అడిగితే దోసెడు ఉట్టిగనే ఇస్తారు. అది తెచ్చి అక్వేరియంలో వేసి, నీళ్ళు శుద్ధి చేస్తుందని ప్రచారం చేసేవాళ్ళకు ఒక ప్రశ్న. రైతు దాన్ని పొలంలో ఎందుకు వేస్తున్నాడు? అజొల్లా ఆకు గదుల్లో నీలాకుపచ్చ సూక్ష్మజీవి కాపురముంటుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. పొలంలో అజొల్లా కుళ్ళి వరికి ఎరువవుతోంది అంటే అర్థం, గాలి నుంచి కొత్త నత్రజనిని నీళ్ళకు మోసుకొస్తోంది అనే. నీటిలోని నైట్రేటును దించడానికి తెచ్చుకున్న మొక్క దానికి ఆ నైట్రేటు అవసరమే లేనిదైతే, కోయకుండా వదిలితే పైగా కొత్త సరుకు దించేదైతే, దాన్ని శుద్ధి మొక్క అనడం ఏం లెక్క? చేపలకు మేతగా వేసుకోండి, అందుకు బాగుంటుంది.

మరో సలహా, “కొనుడెందుకు, చెరువుల దొరుకుతది గద.” దొరుకుతుంది, దాంతోపాటు ఇంకా చాలా దొరుకుతాయి. జడలాంటి ఆ వేళ్ళలో జలగలు, నత్తగుడ్లు, తూనీగ పిల్లపురుగులు ఉంటాయి. తూనీగ పిల్లపురుగు చిన్న రాక్షసి, గప్పీ పిల్లలను వరసపెట్టి తింటుంది. మాన్సోనియా దోమ కథ ఇంకొకటి ఉంది. మామూలు దోమ పిల్లపురుగు గాలి కోసం పైకి వస్తుంది, చేప దాన్ని పట్టేస్తుంది. మాన్సోనియా పిల్లపురుగు పైకి రాదు, అంతర తామర వేరులో గొట్టం గుచ్చి అక్కడి గాలే పీల్చుకుంటుంది. ఒకరకం బోదకాలు వ్యాధిని మోసేది ఈ దోమే. కేరళలోని చేర్తల ప్రాంతంలో 1980లలో బోదకాలు అదుపు చేయడానికి చేపట్టిన పనుల్లో, కుంటల్లోంచి అంతర తామర ఏరించడం ముఖ్యమైనది. బాల్కనీలో చేపలు లేని కుండీలో ఈ మొక్కను అలంకారంగా పెంచేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. షాపులో కొన్నదైనా సరే, రెండు మూడు వారాలు వేరే బకెట్లో ఉంచి, ఆకులూ వేళ్ళూ కడిగి చూసి తర్వాతే ట్యాంకులోకి దించాలి. డక్‌వీడ్ కావాలనుకోనివాళ్ళు మరీ జాగ్రత్త పడాలి. ఆవగింజ కన్నా కాస్త పెద్దదైన ఒక్క ఆకు అంటుకుని వచ్చినా రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది, తర్వాత టీ జాలితో ఏళ్ళ తరబడి వడకట్టడమే.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది చివరి అలవాటు. ఎక్కువైన మొక్కలను “చెరువుల ఇడిసిపెడితే బతుకుతయి” అని తీసుకుపోయి భద్రకాళి చెరువులోనో, వడ్డేపల్లి చెరువులోనో, ఇంటి ముందు నాలాలోనో వేస్తారు. జీవకారుణ్యమట! మన చెరువులను కమ్మే గుర్రపు డెక్క కూడా ఇలా అలంకారంగా వచ్చిందే. అది అమెజాన్ ప్రాంతపు మొక్క, పందొమ్మిదో శతాబ్దం చివర్లో అందమైన ఊదాపూల కోసమే మన దేశానికి తెచ్చారు. ఆ అందానికి ఈ ఊరు కడుతున్న మూల్యం చెరువుగట్టున నిలబడితే కనిపిస్తుంది. 2024 చివర్లో భద్రకాళి చెరువును పూడిక తీయడానికి నీళ్ళు వదిలి ఖాళీ చేయాల్సి వచ్చింది. మురుగునీటి సారం తిని పెరిగి, కోసేవాళ్ళు లేక చచ్చి, అడుగుకు చేరి పూడికైన ఆకు ఎంతో ఆలోచించండి. ట్యాంకులో చెప్పుకున్న జమాఖర్చే ఇదీ, ఎకరాల లెక్కన. పైగా దాని గింజ బురదలో పదిహేను, ఇరవై ఏళ్ళు చావకుండా ఉంటుంది.

“చెరువుల ఇప్పటికే నిండా ఉంది, నా గుప్పెడుతో ఏమైతది?” అని ఒక సమర్థన. ఉన్నది గుర్రపు డెక్క. మీరు వేసేది సాల్వీనియానో, దక్షిణ అమెరికా ఫ్రాగ్‌బిట్టో కావచ్చు. సాల్వీనియా కేరళ పొలాలను, కాలువలను ఎలా ముంచిందో అక్కడి రైతును అడగాలి. 1980లలో బ్రెజిల్ జాతి ముక్కుపురుగును తెచ్చి వదిలాక గానీ దారికి రాలేదు. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మత్తడి దుంకితే నీళ్ళు కిందిచెరువుకు పోతాయి, నీళ్ళతోపాటు తేలేది కూడా పోతుంది. 2023 జులై వానలకు నాలాలు పొంగి కాలనీలు మునిగిన ఊరిది, నాలాలో వేసినది నాలాలోనే ఉంటుందని ఎవరూ అనుకోనక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ గుర్రపు డెక్కను 2016లో, అంతర తామరను 2022లో ప్రమాదకర పరాయి జాతుల జాబితాలో చేర్చింది. అంత చలి ఉన్నచోటే వాళ్ళు ఇంత భయపడ్డారంటే, ఏడాదంతా వెచ్చగా ఉండే మన నీళ్ళ సంగతి చెప్పాలా?

మరి తీసిన మొక్కను ఏం చేయాలి? పాత గోనె మీద పరిచి డాబా మీద రెండు రోజులు ఎండబెడితే వేలికి పొడిగా విరుగుతుంది. 95 శాతం నీరు పోయాక మిగిలేది గుప్పెడే. అది గులాబీ కుండీలో, కరివేపాకు చెట్టు మొదట్లో వేస్తే మేత రూపంలో మీరు కొన్న నత్రజని మళ్ళీ పనికొస్తుంది. నీళ్ళు మార్చినప్పుడు తీసిన నీళ్ళూ అక్కడికే. అంతర తామరను మాత్రం బర్రెలకు వేయొద్దు, నోరు దురద పెట్టే ఆక్సలేట్ పలుకులు ఉంటాయి అందులో.

ఇంత చాకిరీ అయితే ప్లాస్టిక్ మొక్కే నయం కదా అంటారు. వారానికి పావుగంట పని ఇది. ఆదివారం పొద్దున సగం మొక్కలు తీసేయడం, పసుపుబారినవి ముందు, వేరుకు వేరు చిక్కు విప్పడం, నాలుగో వంతు నీళ్ళు మార్చడం, అంతే. ఈ పావుగంట ఇచ్చినవాళ్ళకు తేలే మొక్క అంత మంచి మొక్క మరొకటి లేదని నేనే చెప్తాను. ఆ వేళ్ళ చాటున గప్పీ పిల్లలు తల్లి నోటికి చిక్కకుండా పెద్దవవుతాయి, పైన వెలుతురు చల్లబడి చేపలు బెరుకు మాని తిరుగుతాయి, కొత్త ట్యాంకులో అమ్మోనియా ఒక్కసారి పెరిగినప్పుడు ఆదుకునేదీ ఇదే. షాపతనికి ఈ సంగతులు తెలియవని కాదు. “పావుగంట పనుంటది సార్” అంటే గిరాకీ వెనక్కి తగ్గుతాడేమోనని అతని భయం. కవర్లో మొక్కతోపాటు ఆ ఒక్క మాట కూడా వేసి ఇస్తే, నెల తిరక్కుండా చచ్చిన చేపల స్థానంలో కొత్తవి కొనడానికి వచ్చేవాళ్ళు కాస్త తగ్గుతారు. బహుశా చిక్కు అక్కడే ఉంది.